బర్డ్‌ఫ్లూ ఆయువుపట్టు ఎక్కడ?

* ప్రోటీన్ల పటంతో కీలక కూడళ్ల అన్వేషణ
* ఒక దారి మూస్తే మరో దారి వెతుకుతున్న వైరస్

తణుకు: తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లోని కోళ్లఫారాలకు 2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ సోకింది. భోపాల్‌లోని ప్రయోగశాల వ్యాధిని నిర్ధారించగానే చుట్టూ కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి పూడ్చిపెట్టారు. పది కిలోమీటర్ల మేర నిఘా ఉంచారు. వ్యాధి వచ్చాక పూడ్చిపెట్టడం తప్ప మార్గం లేదా అన్నది రైతుల ప్రశ్న. సమాధానం కోసం శాస్త్రవేత్తలు అనుసరిస్తున్న పద్ధతుల్లో ‘నెట్‌వర్క్ విశ్లేషణ’ ఒకటి.

వైరస్‌ది పరాన్న జీవనం

బర్డ్‌ఫ్లూ వైరస్ జన్యు పదార్థం 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. వాటి నుంచి తయారయ్యే ప్రధాన ప్రోటీన్లు పది మాత్రమే. వైరస్ పైపొరపై ఉండే రెండు ప్రోటీన్ల రకాన్ని బట్టే హెచ్5ఎన్1 వంటి పేర్లు ఏర్పడ్డాయి. ఇంత స్వల్ప సామగ్రితో వైరస్ సొంతంగా వృద్ధి చెందలేదు. కోడి కణంలోకి చొరబడి, అక్కడి ప్రోటీన్లను తన పనికి వాడుకుంటుంది. కణంలోని వేలాది ప్రోటీన్లలో ఏవి దానికి అత్యవసరమో తెలిస్తే అడ్డుకట్ట వేసేందుకు వీలుంటుంది.

కాలువల పటం వంటిదే

ఈ పద్ధతిని గోదావరి కాలువలతో పోల్చవచ్చు. పొలం పక్కనున్న బోదెను మూస్తే ఒకరిద్దరు రైతులకే ఇబ్బంది. ప్రధాన కాలువ లాకులు మూస్తే వేల ఎకరాల ఆయకట్టుకు నీరందదు. అదేవిధంగా ఒక్కో ప్రోటీన్‌ను ఒక చుక్కగా, రెండింటి మధ్య సంబంధాన్ని గీతగా కంప్యూటర్‌లో పటం గీస్తారు. ఎక్కువ గీతలు కలిసే చుక్కలను, రెండు సమూహాలను కలిపే వంతెనల వంటి చుక్కలను లెక్కగట్టి గుర్తిస్తారు. కీలక ప్రోటీన్లుగా భావించేది వీటినే.

ఎక్కువ సంబంధాలున్న ప్రోటీన్‌ను తొలగిస్తే కణం చనిపోయే అవకాశం అధికమని 2001లో ఈస్ట్‌పై జరిగిన పరిశోధన తెలిపింది. ఫ్లూ వైరస్‌కు చెందిన పది ప్రోటీన్లు మానవ కణంలోని ప్రోటీన్లతో ఎలా ముడిపడతాయో అమెరికా శాస్త్రవేత్తలు 2009లో పటం రూపొందించారు.

ఒక కూడలిని మూసినప్పుడు...

పటం చూపేది అవకాశాన్ని మాత్రమే. నిర్ధారణ ప్రయోగశాలలోనే జరగాలి. ఏఎన్‌పీ32ఏ అనే ప్రోటీన్ ఇందుకు మంచి ఉదాహరణ. బర్డ్‌ఫ్లూ వైరస్ తన ప్రతులు తీసుకునేందుకు కోడి కణంలోని ఈ ప్రోటీన్‌పై ఆధారపడుతుందని 2016లో లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ప్రయోగాల ద్వారా కనుగొన్నారు.

ఈ ప్రోటీన్‌కు చెందిన జన్యువులో మార్పు చేసిన కోళ్లను బ్రిటన్ శాస్త్రవేత్తలు పెంచి, 2023లో ఫలితాలు వెల్లడించారు. హెచ్9ఎన్2 వైరస్‌ను సహజంగా సోకే మోతాదులో ఇవ్వగా పదింటిలో తొమ్మిది కోళ్లు తట్టుకున్నాయి. మోతాదును వెయ్యి రెట్లు పెంచగా సగం కోళ్లకు వ్యాధి సోకింది. ఏఎన్‌పీ32 కుటుంబంలోని మరో రెండు ప్రోటీన్లను వాడుకునేలా వైరస్ మారిపోయింది. కాలువ మూస్తే బోరు వేసుకున్నట్లు, అది మరో దారి చూసుకుంది. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో మూడు ప్రోటీన్లనూ తొలగించాకే వృద్ధి ఆగింది. అయితే మూడింటినీ తొలగిస్తే కోడి ఆరోగ్యమే దెబ్బతినే ప్రమాదముంది. అందువల్ల కూడలి ఒక్కదాన్నే కాక, దాని పక్క దారులనూ పటంలో వెతకడం తప్పనిసరి.

అప్పటి వరకు జాగ్రత్తే రక్ష

ఈ పరిశోధనలు ఫారం గడప చేరేందుకు సమయం పడుతుంది. అంతవరకు వైరస్ షెడ్డులోకి రాకుండా చూసుకోవడమే రైతు చేతిలో ఉన్న ఉపాయం. బయటి వ్యక్తులను, వాహనాలను లోనికి అనుమతించరాదు. అడవి పక్షులు మేత, నీటి తొట్ల వద్దకు రాకుండా వలలు కట్టాలి. కోళ్లు అకస్మాత్తుగా చనిపోతుంటే కాలువల్లో పారవేయకుండా వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి.