పుండు తీశారు సరే, అంచు కాగితం ఏదీ?

కోసిగి: సుగ్గి కాలం వస్తే ఈ ప్రాంతంలో ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వెళ్లిన కూలీలు ఊరు చేరేది ఉగాది దగ్గర పడ్డాకే. నోటి కేన్సరుకు ఆపరేషన్ చేయించుకున్న వారికి ఈ ప్రయాణమే గండం. కుట్లు విప్పారు, జబ్బు పోయిందని మూట సర్దుకుంటే, అసలు కాగితం ఆసుపత్రిలోనే ఉండిపోతుంది.

ఆకు, వక్క, సున్నం, పొగాకు ఏ దవడన పెట్టుకుంటే తరచు ఆ దవడనే పుండు లేస్తుంది. డాక్టరు పుండు ఒక్కటే తీయరు. చుట్టూ కంటికి బాగున్న కండను కూడా దాదాపు ఒక సెంటీమీటరు మేర తీస్తారు. చేలో గరిక తవ్విన రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పైన కనిపించేది కొంతే, కింద వేరు పాకేది ఎంతో.

తీసిన ముక్క పరీక్ష గదికి వెళుతుంది. అక్కడ అంచులకు సిరా పూసి, పలుచటి పొరలుగా తరిగి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. సిరాకూ కేన్సరుకూ మధ్య 5 మిల్లీమీటర్లు, ఆపైన ఎడం ఉంటే అంచు శుభ్రం. అంతకు తగ్గితే అనుమానం. ఒక మిల్లీమీటరు లోపే ఉంటే వేరు నోట్లో మిగిలిందనే లెక్క. కోసిన కండ ముడుచుకుంటుంది కనుకనే మొదట సెంటీమీటరు తీయడం.

అంచు చెడితే జబ్బు అక్కడే తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. వీలైతే మళ్లీ కోస్తారు, లేదా రేడియేషన్ ఇస్తారు. ఇలాంటి వారికి రేడియేషన్‌తో పాటు కేన్సరు మందు కూడా ఎక్కిస్తే మేలని 2004లో వెలువడిన అమెరికా, యూరప్ పరిశోధనలు తేల్చాయి. అయితే ఇది ఆపరేషన్ అయిన ఆరు వారాలలోపు మొదలు కావాలి. ఉగాది దాకా ఆగే పని కాదు.

మెడ గడ్డల సంగతీ ఆ కాగితంలోనే ఉంటుంది. నోట్లో పుండుకు మెడ కోయడమెందుకని బంధువులు అడ్డుపడటం కద్దు. బొంబాయి టాటా ఆసుపత్రి 2015లో ప్రకటించిన ఫలితాలలో, తొలి దశలోనే మెడ గడ్డలు తీయించుకున్న వారిలో మూడేళ్లకు నూటికి 80 మంది బ్రతికి ఉన్నారు. గడ్డ కనిపించాక చూద్దామని ఆగిన వారిలో 67 మందే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కోతకే కాక రేడియేషన్‌కూ వర్తిస్తుంది. పోయే కూలి సంగతి వేరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న మనిషికి ఆ దిగులు చిన్నది కాదు.

పరీక్ష కాగితం సాధారణంగా వారం పది రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు వస్తుంది. ఇంటికి పంపేటప్పుడే ఆ తేదీని చీటీ మీద రాయించుకోవచ్చు. కాగితం చేతికి వచ్చాక డాక్టరును అడగాల్సిన మాట ఒక్కటే: అంచు శుభ్రంగా ఉందా, లేదా?