మీకు తెలుసా? పికప్ లైట్లకు రిలే ఎందుకు?

హైదరాబాద్ అత్తాపూర్‌లో అడ్రస్ అడిగితే పిల్లర్ నంబర్ చెబుతారు. 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలవి. ఆ చుట్టుపక్కల ఇంటి ముందే బొలెరో పికప్ ఆపుకొని, పొలం బాటల కోసం బంపర్‌కు అదనపు లైట్లు బిగించుకునేవారికి అసలు కిటుకు బల్బులో లేదు, వైరింగ్‌లో ఉంది.

55 వాట్ల లైట్లు రెండు కలిస్తే 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ అంత కరెంటుకు వేడెక్కి కాలిపోవచ్చు. అందుకే రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. దాని కాళ్ల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ తీగ, 87 నుంచి లైట్లకు, 85, 86 లోపలి కాయిల్‌వి. స్విచ్ మోసేది ఆ కాయిల్‌కు కావాల్సిన కాస్త కరెంటే. 15 ఆంపియర్ల ఫ్యూజ్ మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైట్ల దగ్గర పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడలేదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి, మరవద్దు.

శంషాబాద్ హైవే ఎక్కాక వీటిని వెయ్యకండి. ఎదురుగా వచ్చేవారి కళ్లు బైర్లు కమ్ముతాయి. చట్టం అనుమతించని మార్పు చేస్తే, మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.