పోటునీటి భూములు: రైతు తెలిసికొనవలసిన నిబంధనలు

గోదావరి, కృష్ణా నదుల మొగల దాపున భూములు గల సభ్యులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. "భూమి మాది, దస్తావేజు మా పేర నున్నది. అందులో ఇల్లు కట్టుకొన్నను, రొయ్యల చెరువు త్రవ్వుకొన్నను సర్కారువారు అడ్డుపెట్ట నేల?" ఈ ప్రశ్న న్యాయమైనదే. నిబంధన యిట్లున్నదని చెప్పి యూరకుండుట దానికి ప్రత్యుత్తరము కాదు. నిబంధనకు గల కారణమును గూడ చెప్పవలసియున్నది.

మన తీరమున దినమునకు రెండుమారులు పోటు వచ్చును, రెండుమారులు పాటు తీయును. పోటువేళ సముద్రజలము ఉప్పుటేళ్ల వెంబడి లోనికి ప్రవేశించును. పాటువేళ ఆ జలము వెనుకకు మరలుచు, పొలముల మురుగును, వరదనీటిని తనతో గొనిపోవును. పోటుకు మునిగి పాటుకు తేలు ఈ నేల చూచుటకు బురద. పంట పండదు గనుక దానిని బీడని తలంతుము. నిజమునకు అది మన పొలములన్నిటికి మురుగు దిగు ద్వారము. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగునదియు అచ్చటనే. మడ, తిల్ల మొదలగు చెట్లు తమ వేళ్లతో ఒండ్రును పట్టి నిలిపి, గట్టును కోతపడకుండ కాపాడును. కాకినాడకు దక్షిణమున నున్న కోరంగి మడ అడవులు ఇట్టివే. అందు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశము 1978వ సంవత్సరమున అభయారణ్యముగ ప్రకటింపబడెను.

ఈ ద్వారమును మూసిన నేమగునో మేము కన్నులార చూచితిమి. ఒక గ్రామమున (పేరు చెప్ప నవసరము లేదు) మన సభ్యుడొకరు చెరువు త్రవ్వ దలచి మా సలహా నడిగిరి. మేము చెరువు లోతు, గట్టు వాలు, తూము ఎచ్చట పెట్టవలయునో చెప్పితిమి. ఆ గట్టు ఉప్పుటేటి పాయ కడ్డముగ పడుచున్నదని మాత్రము గమనింపలేదు. మొదటి ఏడు ఆయనకు లాభమే కలిగెను. రెండవ ఏడు తుపాను వర్షము కురిసినప్పుడు ఎగువ వరిచేలనుండి నీరు దిగుటకు దారి లేకపోయెను. మూడు దినములలో తీయవలసిన నీరు పండ్రెండు దినములు నిలిచెను. పొట్టమీద నున్న పైరు కుళ్లిపోయెను. అదిగాక చెరువులోని ఉప్పునీరు గట్టు క్రిందుగ ఊరి, ప్రక్కనున్న రెండెకరముల పొలమును చవుడు చేసెను. ఆ పొలము గల వితంతువు సంఘమునుండి తీసికొన్న పంటఋణమును తీర్చలేకపోయినది. ఆమెకు జామీనున్న ఇరువురు సభ్యులు ఆ బాకీని పంచుకొనవలసివచ్చెను. గట్టు వేసినవారు చెడ్డవారు కారు. నీటి నడక నెరుగనివారు. ఎరిగి చెప్పవలసిన మేము చెప్పలేదు. ఆ లోపము మాది గనుకనే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఉప్పు చేయు కీడు ఇంతతో తీరదు. సముద్రజలమున వేయి పాళ్లకు సుమారు 35 పాళ్లు ఉప్పుండును. వరి, ముఖ్యముగ నారుదశయందును పూతదశయందును, ఇందులో స్వల్పభాగమునకైనను ఓర్వదు. ఇసుకనేలలలో తీపినీరు ఉప్పునీటిపై తేలియుండును. తీపినీటి మట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు మీద నున్నచో, క్రిందికి సుమారు 40 అడుగుల వరకు తీపినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. బోరులతో విస్తారముగ తోడి ఆ ఒక్క అడుగును పోగొట్టుకొన్నచో, కాలక్రమమున ఉప్పునీరు అన్ని అడుగులును పైకెక్కును. ఊరి మంచినీటి బావి చెడుట ఇట్లే.

ఉప్పెన సంగతియు తలపవలయును. 1977 నవంబరు 19వ తేదిని దివిసీమపై పడిన ఉప్పెనలో వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. 1999 అక్టోబరులో ఒడిషాను తాకిన పెనుతుపానును గూర్చి కేంద్రపారా జిల్లాలో గ్రామములవారీగ పరిశోధన జరిగెను. తమకును తీరమునకును నడుమ వెడల్పైన మడ అడవి గల గ్రామములలో మరణములు తక్కువగ నున్నట్లు అందులో తేలినది.

ఇక నిబంధనలు. 1986వ సంవత్సరపు పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వమువారు 1991 ఫిబ్రవరి 19న తీరప్రాంత నియంత్రణ ప్రకటన చేసిరి. దానికి బదులుగ 2011లో నొకటి, 2019 జనవరి 18న మరియొకటి వెలువడెను. ఈ కడపటిదానిలో రైతునకు ముఖ్యమైనవి యివి:

1. సముద్రతీరమున పోటుగీతనుండి లోనికి 500 మీటర్ల వరకు ఈ నియంత్రణ వర్తించును. పోటు తగులు ఏళ్లు, పాయల వెంబడి 50 మీటర్లు గాని, పాయ వెడల్పు గాని, ఏది తక్కువైన నది వర్తించును.

2. ఏటి వెంబడి ఎంత దూరము లోనికి వర్తించుననగా, మిక్కిలి నీరెండిన కాలమున వేయి పాళ్ల నీటిలో 5 పాళ్ల ఉప్పు కనబడు చోటు వరకు. కావున సముద్రము మా యూరికి దూరమని ధీమాగ నుండరాదు.

3. మడ అడవులు అన్నిటికన్న గట్టి రక్షణ గల తరగతిలో చేరినవి. వేయి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టును 50 మీటర్ల మేర గూడ కాపుదలలో నుండును. తప్పనిసరి ప్రజాకార్యమునకై మడ నశించినచో, అందుకు కనీసము మూడింతల విస్తీర్ణమున మడ నాటవలయును.

4. నేల మెరక చేయుట, గట్లు వేయుట, సముద్రజలపు సహజగమనమునకు అడ్డు గల్పించుట సామాన్యముగ నిషిద్ధము. అయితే ఉప్పునీరు పైకెక్కకుండ ఆపు కట్టడములకును, పోటు తలుపులకును, వాననీటి కాలువలకును అనుమతి పొందు అవకాశము కలదు. ఇది మనకు మిక్కిలి ఉపయోగకరము.

5. గ్రామప్రాంతములలో కట్టడములు కూడని మేరయందు సయితము సేద్యము, తోటలు, పచ్చికబయళ్లు నిషిద్ధములు కావు. అనుమతితో కట్టిన పాత యిండ్లను, పునాది వైశాల్యము పెంచకుండ, బాగుచేసికొనవచ్చును. స్థానికులకు వలయు బడి, వైద్యశాల, రోడ్డు, మంచినీటి వసతి మొదలగువానిని అనుమతితో కట్టవచ్చును.

రొయ్యల సాగును గూర్చి వేరుగ చెప్పవలయును. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టువారు, వ్యవసాయభూములను, ఉప్పు కయ్యలను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగ మార్చరాదని తీర్పు చెప్పిరి. తరువాత 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార చట్టము వచ్చి, 2023లో సవరింపబడెను. దాని ప్రకారము తీరప్రాంతమున ఉప్పునీటి రొయ్యల సాగు చేయువారు రిజిస్ట్రేషను పొందియే తీరవలయును.

పంచాయతివారి అనుమతి యున్న చాలునని కొందరు తలంతురు. కేరళలోని మరడు అను చోట వెనుకజలముల యొడ్డున పెద్ద పెద్ద వాసగృహ భవనములు స్థానిక సంస్థవారి అనుమతితోనే లేచినవి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని సుప్రీముకోర్టువారు 2019లో ఆజ్ఞాపింపగా, 2020 జనవరిలో వానిని మందుపెట్టి కూల్చిరి. కొనుక్కొన్న కుటుంబములకు మధ్యంతర పరిహారము దొరకినదేగాని యిండ్లు దక్కలేదు.

చెడిన నేల మరల బాగుపడదని నిరాశ చెందనక్కరలేదు. పోటు ఆగిపోయి ఉప్పు పేరుకొన్నచోట్ల మడ ఎండిపోవును. కృష్ణా, గోదావరి మొగలలో నట్టి నేలలయందు ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును, అటవీశాఖవారును గ్రామస్థుల తోడ్పాటుతో చేపముల్లు ఆకారమున చిన్న కాలువలు త్రవ్వించి, మొక్కలు నాటించిరి. పోటునీరు మరల ఆడగా అడవి మరల లేచినది. నీటికి దారి విడుచుటయే చికిత్స.

మన సంఘములు చేయదగిన పనులు కొన్ని గలవు. పోటుగీతకు దాపున భూమి కొనుటకు, కట్టుటకు, త్రవ్వుటకు ముందు ఆ సర్వే నంబరు తీర నిర్వహణ పటమునందు ఏ తరగతిలో నున్నదో వ్రాతమూలకముగ తెలిసికొనవలయును. ఆ వ్రాత లేనిదే అట్టి పనికి సంఘము ఋణ మీయరాదు. ఏ సభ్యుడును జామీను నిలువరాదు. పాయ యేదైన మూయబడుచున్నచో, అది పాతబడక మునుపే జిల్లా మేజిస్ట్రేటుగారి అధ్యక్షతను ఉండవలసిన జిల్లా కమిటీకి తెలుపుకొనవలయును. ఆ కమిటీలో తీరవాసులైన సంప్రదాయ సమాజముల ప్రతినిధులు కనీసము ముగ్గురుండవలెనని నిబంధన. ఉప్పునీటి నాపు తలుపులకై ఒక్కొక్కరు వేరుగ గాక ఊరంతయు నొక్కటై అర్జీ పెట్టవలయును.

మొదటి ప్రశ్నకు మా ప్రత్యుత్తర మిది. భూమి నిశ్చయముగ మీదే. దానిమీదుగ పోవు నీరు ఎగువవారి పంటను, ప్రక్కవారి బావిని, జామీనుదారుల సొమ్మును గూడ తాకుచున్నది. అందుచేత దానిని గూర్చి అందరిని అడిగి చేయవలసియున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. గట్టు వేయ దలచినవారు ముందుగ మాకు కబురంపినచో, ఈమారు మొదట ఉప్పుటేటి వెంబడి నడచి చూచి, ఆ మీదటనే సలహా చెప్పుదుము.