పాత కారు లోపల హ్యాండిల్ విరిగిందా? షోరూమ్‌లో ‘లేదు’ అంటే ఎక్కడ వెతకాలి

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్, పాత సాంట్రో కూడా అదే ఏడాది ఆగాయి. అయినా మన బస్తీల్లో, ఊళ్లలో ఈ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చాలావాటికి ఇంజిన్‌తో పేచీ లేదు. తలనొప్పి అంతా లోపలే. డోర్ హ్యాండిల్ ఊడి చేతికొస్తుంది, అద్దం సగంలో ఆగిపోతుంది, రూఫ్ గుడ్డ జారి తలకు తగులుతుంది.

చిన్న విషయమే కదా అని చాలామంది నడిపించేస్తారు. రూఫ్ గుడ్డకైతే సరే. వెనక డోర్ లోపలి హ్యాండిల్ విషయంలో అలా కుదరదు. మూసి ఉన్న కారులో పిల్లలు చిక్కుకుని ఊపిరాడక చనిపోయిన ఘటనలు తెలంగాణలోనే జరిగాయి. డోర్ లోపలి నుంచి తెరుచుకోకపోతే ముందుగా డోర్ అంచున ఉండే చైల్డ్ లాక్ మీట చూడండి. అది ఆన్‌లో ఉంటే హ్యాండిల్ బాగున్నా డోర్ రాదు. మీట ఆఫ్‌లో ఉన్నా రాకపోతే అప్పుడే రిపేరు.

ఇంకో లెక్క కూడా ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. దీని ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. అంత కట్టి, సీట్ బెల్టో వైపర్ స్విచ్చో పనిచేయక వెనక్కి రావడం ఎవరికి ఇష్టం?

ఇక సామాను సంగతి. కౌంటర్‌లో మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడల్‌లో మధ్యలో డిజైన్ మారి ఉంటుంది. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నెంబర్ ఇవ్వండి, దాంతో సరైన పార్ట్ నెంబర్ బయటపడుతుంది. విరిగిన ముక్క పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. చాలా ముక్కల వెనక నెంబర్ అచ్చై ఉంటుంది. ఒకే కంపెనీ వేరే మోడల్‌కి కూడా అదే స్విచ్ వేసి ఉండొచ్చు, నెంబర్ కలిస్తే అది సరిపోతుంది. కుడి, ఎడమ అనేది డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే వచ్చేదే. ఎదురుగా నిలబడి చెబితే తప్పు హ్యాండిల్ ఇంటికొస్తుంది.

బ్రేక్, క్లచ్ సామాను బండి ఆగిపోయాక కూడా దొరుకుతూ ఉంటుంది, ఎందుకంటే అది అరిగేది, అమ్ముడయ్యేది. డ్యాష్‌బోర్డు ముక్కలు, డోర్ ప్యాడ్లు అలా కాదు. రంగు రంగుకీ వేరే స్టాకు పెట్టే ఓపిక ఏ కంపెనీకీ ఉండదు. అక్కడే పాత సామాను బజారు పనికొస్తుంది. హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి, ఆంధ్రలో అయితే విజయవాడ ఆటోనగర్. రంగు కలవకపోయినా ముక్క గట్టిగా ఉంటే తీసుకోవచ్చు, రంగు తర్వాత వేయించుకోవచ్చు. కానీ బిల్లు అడగండి. దొంగ సొమ్మని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు మాటెత్తగానే మొహం మార్చే కబాడీ దగ్గర ఎంత చవకైనా వద్దు.

దొరకని ముక్కను అతికించాలంటే ముందు అది ఏ ప్లాస్టిక్కో చూడాలి. వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే మంచి గమ్‌తో అతుకుతుంది. పీపీ అని ఉంటే మామూలు గమ్ నిలవదు, ఎన్నిసార్లు రాసినా ఊడుతుంది. దాన్ని వేడితో వెల్డింగ్ చేయించాలి. డోర్ ప్యాడ్ లాగేటప్పుడు విరిగే క్లిప్పులు చవకైనవే, నాలుగు ఎక్కువే కొనిపెట్టుకోండి. చేత్తో తిప్పే అద్దం హ్యాండిల్ స్క్రూ లేకుండా స్ప్రింగ్ క్లిప్‌తో ఉంటే, వెనక గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగితే క్లిప్ బయటికొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడ్ చిరుగుతుంది.

రూఫ్ గుడ్డ జారడానికి కారణం వెనకున్న ఫోమ్ ఎండకు పొడైపోవడం. పైనుంచి పిన్నులు గుచ్చినా, గమ్ కొట్టినా ఆ పొడికే అంటుకుంటుంది, నెల తిరక్కుండా మళ్లీ జారుతుంది. బోర్డు దింపి, పాత ఫోమ్ మొత్తం గీకి, కొత్త గుడ్డ వేయించాలి. సీట్లు కుట్టే ఉస్తాద్‌లు ఈ పని బాగా చేస్తారు. ఇలాంటి పనుల్లో సామాను కంటే విప్పి బిగించే కూలీయే ఎక్కువ పడుతుంది. అందుకే డోర్ విప్పిన రోజే హ్యాండిల్, అద్దం, స్పీకర్ అన్నీ చూపించేయడం లాభం.

రెండు వస్తువులు మాత్రం పాత బజారులో కొనకూడదు. ఒకటి సీట్ బెల్ట్. ఒకసారి యాక్సిడెంట్‌లో మనిషిని ఆపిన బెల్టు మళ్లీ అంతే ఆపుతుందన్న గ్యారంటీ లేదు, కొన్నాళ్లకు అది చూసి ఎవరూ చెప్పలేరు. చిరిగితే కుట్టించడం కూడా వద్దు. మెల్లగా లోపలికి వెళ్తోందంటే చాలాసార్లు మురికే కారణం. బెల్టు మొత్తం బయటికి లాగి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే వదలండి. రెండోది ఎయిర్‌బ్యాగ్. అది ఉన్న స్టీరింగ్ మీద హారన్ పనికి కూడా ఇంట్లో చేయి పెట్టొద్దు. బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి పని మొదలుపెట్టే మెకానిక్‌కే ఇవ్వండి.