గ్రహణం మొర్రి: పెదవి కుట్టించాక చెవి, మాట కూడా చూపించాలి

పోయిన ఏడాది ఒక శుక్రవారం, జీతాల గొడవ మాట్లాడడానికి దోహా సనయ్యలోని ఓ క్యాంపుకు వెళ్ళాను. పని అయ్యాక జగిత్యాల వైపు తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి ఫోనులో కొడుకు వీడియో చూపించాడు. రెండున్నరేళ్ళ పిల్లవాడు. గ్రహణం మొర్రితో పుట్టాడు. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే పెదవికి ఆపరేషన్ చేశారు, మచ్చ కూడా పెద్దగా కనబడదు.

"అన్నా, అమ్మ అంటడు, నాన్న అంటడు. ఇంకో మాట సమజ్ కాదు. పిలిస్తే తిరిగి చూడడు. మొండోడు అంటది మా అమ్మ" అన్నాడు. అంగిలి సంగతి అడిగాను. "లోపల గూడ చీలిక ఉందన్నరు. నేను చుట్టీ మీద పోయినంక చేయిద్దామని ఆపినం" అన్నాడు.

తర్వాత ఊళ్ళో పరీక్ష చేయిస్తే ఆ బాబుకు రెండు చెవుల లోపలా నీరు చేరిందని తేలింది. వాడిది మొండితనం కాదు, సరిగా వినబడక అలా ఉన్నాడు. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

నోటిలో చీలికకు, చెవికి ఏం సంబంధం?

విమానం దిగేటప్పుడు మన చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేస్తే టప్పున తెరుచుకుంటాయి. చెవి లోపలి నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడు దాన్ని తెరిచే కండరం అంగిలిలోనే ఉంది. అంగిలి చీలితే ఆ కండరానికి పట్టు ఉండదు, గొట్టం తెరుచుకోదు. గాలి ఆడక కర్ణభేరి వెనుక జిగట నీరు చేరుతుంది. అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. పెదవి మాత్రమే చీలితే ఈ ఇబ్బంది చాలా తక్కువ.

పూర్తి చెవుడు కాదు కాబట్టి ఇంట్లో పట్టుకోలేరు. గట్టి శబ్దానికి పిల్లవాడు ఉలిక్కిపడతాడు, కానీ మెల్లగా అన్న మాట అందదు. మాటలు నేర్చే వయసులో నెలల తరబడి అలా ఉంటే మాట వెనకబడుతుంది. చెవి తరచూ చీము పట్టి వినికిడి ఇంకా తగ్గవచ్చు.

"అమ్మ, నాన్న" అంటున్నాడని ఊరుకోవద్దు

ముక్కు గట్టిగా మూసుకుని "పాప" అనండి, వస్తుంది. అలాగే "మామ" అనండి, బిగుసుకుపోతుంది. మ, న అక్షరాలకు గాలి ముక్కులోంచి పోవాలి. ప, బ, త, ద, క, గ, చ, స అక్షరాలకు మాత్రం అంగిలి పైకి లేచి ముక్కు దారి మూయాలి. చీలిక ఉంటే ఆ గాలి ముక్కులోంచి జారిపోతుంది. అందుకే అమ్మ, నాన్న బాగానే పలుకుతాయి. "బాబు" మాత్రం "మాము"లా, "తాత" కాస్తా "నాన"లా వినిపిస్తుంది. వీడియో కాల్‌లో మనం సంతోషపడి పెట్టేస్తాం. ఈసారి పాప, బాబు, తాత, కాకి అనిపించి చూడండి.

ఎప్పుడు ఏం చేయించాలి

పెదవికి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. అంగిలి ఆలస్యమయ్యే కొద్దీ పిల్లలు గొంతులో నొక్కి మాట్లాడడం అలవాటు చేసుకుంటారు, తర్వాత మాన్పించడం కష్టం. దాటిపోయినా ఆశ వదలొద్దు, వెంటనే చూపించండి.

వినికిడికి బెరా లాంటి పరీక్షలు ఉన్నాయి. చంటిపిల్లలకు నిద్రలోనే చేస్తారు. నీరు పోకపోతే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెడతారు, లేదా వినికిడి మిషన్ ఇస్తారు. ఆపరేషన్ తర్వాత స్పీచ్ థెరపీ చాలామందికి కావాలి. కొందరికి అంగిలికి రెండో ఆపరేషన్ పడుతుంది. చెవి డొప్ప చిన్నగా ఉన్నా, చెవి రంధ్రం మూసుకుపోయి పుట్టినా అలాగే పరీక్ష చేయించాలి.

ఎక్కడికి వెళ్ళాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు మొర్రి, పుట్టు చెవుడు రెండూ చూస్తారు. ఆశా కార్యకర్తను గానీ అంగన్‌వాడీ టీచరును గానీ అడిగితే జిల్లా కేంద్రానికి పంపుతారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉన్నాయి. స్మైల్ ట్రైన్‌తో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో మొర్రి ఆపరేషన్ ఉచితం. ఆరోగ్యశ్రీ సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. పిల్లలు మీతో ఖతర్‌లోనే ఉంటే హమద్ ఆసుపత్రులు, సిద్రా మెడిసిన్ ఉన్నాయి.

చుట్టీ కోసం ఆపరేషన్ ఆపొద్దు

సంతకానికి సాధారణంగా తల్లి చాలు. ముందే ఆసుపత్రిలో అడిగి పెట్టుకోండి. మీరు ఉండాలనుకుంటే, ఖతర్ కార్మిక చట్టం (2004 నాటి 14వ నంబరు) ప్రకారం ఏడాది పని పూర్తయ్యాక కనీసం 3 వారాలు, అయిదేళ్ళు దాటితే 4 వారాలు జీతంతో సెలవు వస్తుంది. తేదీ ఖరారు చేసేది కంపెనీయే. అందుకే డాక్టరు కాగితం తెప్పించుకుని నెలల ముందే రాతపూర్వకంగా అడగండి. కుదరకపోతే మీరు లేకుండానే చేయించండి.

మీలో ఎవరికైనా చిన్నప్పుడు మొర్రి ఆపరేషన్ అయి, ఇప్పుడు ఒక చెవి మందంగా ఉంటే దాచొద్దు. సైటులో వెనక్కి వచ్చే బండి హారన్ వినబడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. రెడ్ క్రెసెంట్ కార్మికుల ఆరోగ్య కేంద్రంలో చెప్పి చెవి డాక్టరుకు రాయించుకోండి.

ఆఖరి మాట ఇంట్లో పెద్దవాళ్ళకు. పేరులో గ్రహణం ఉంది గానీ, గ్రహణం రోజు కోడలు బయటికి వచ్చినందుకు ఇది రాదు. గ్రహణాన్ని నమ్మని దేశాల్లోనూ సుమారు 700 కాన్పులకు ఒకటి చొప్పున ఇలా పుడుతున్నారు. వంశంలో ఉండడం, కొన్ని ఫిట్స్ మందులు, పొగ తాగడం లాంటివి కలిసి కారణమవుతాయి, చాలాసార్లు కారణం తెలియదు కూడా. కోడల్ని తిట్టడం మాని, ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళండి.

జగిత్యాల తమ్ముడి కొడుక్కి అంగిలి ఆపరేషన్, గ్రోమెట్లు అయ్యాయి. వాళ్ళ నాన్నమ్మే వారానికోసారి బస్సులో స్పీచ్ థెరపీకి తీసుకుపోతోంది. మొన్న ఫోనులో "తాత" అన్నాడట. ఇంకా కొంచెం ముక్కులోంచే వస్తోంది గానీ, తాత అని తెలుస్తోంది.