గ్యారేజిలోని సామాను – ఇంటిలోని ఆరోగ్యము

"ఇల్లు చూచి ఇల్లాలిని చూడు" మని పెద్దల మాట. నేటి నగర జీవితములో దీనికి మరియొక మాట చేర్చవలసియున్నది: గ్యారేజి చూచినచో ఆ యింటి ఆరోగ్యము తెలియును. ముందుగది అద్దమువలె మెరయవచ్చును. వంటయిల్లు దినమునకు రెండుమారులు కడుగబడవచ్చును. కాని వాడుక తప్పిన వస్తువులన్నియు పోయి చేరు ఆ క్రింది గదిని ఆరుమాసముల కొకసారియైనను తెరచి చూచువారు అరుదు.

సూరత్ నగరములోని రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు దేశమంతటను పేరుపొందినది. ఆ నగరపు మరమగ్గములపై పనిచేయుటకు వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతములనుండి వలస వచ్చిన తెలుగు కుటుంబములు లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో తరములుగా నివసించుచున్నవి. ఇల్లు చిన్నది, సామాను పెద్దది. అందుచే బండి నిలుపుకొను షెడ్డే కొట్టుగది యగును. బడులకు వేసవి సెలవు లీయగానే, ట్రంకుపెట్టెలు, పరుపులు, మిగిలిన బియ్యము, పప్పులు, సగము వాడిన మందుసీసాలు అందులో చేర్చి, తాళము వేసి, స్వగ్రామమునకు బయలుదేరువారు కలరు. వారు తిరిగి తలుపు తీయునప్పటికి వానలు మొదలగును.

ఈ నడుమ ఆ గదిలో జరుగున దేమి? ఏప్రిల్, మే నెలలలో సూరత్‌లో ఎండ ఒక్కొక్కప్పుడు 40 డిగ్రీలను చేరును. రేకుల కప్పు క్రింద, గాలి యాడని గదిలో వేడి బయటికంటెను హెచ్చుగా నుండును. పిమ్మట జూన్ నుండి సెప్టెంబరు వరకు సముద్రపు తేమ గోడలకు పట్టును. ఈ రెంటిని తాళలేని వస్తువులు చాల గలవు. వానిని గుర్తుంచుకొనుటకు మూడు మాటలు చాలును: నోరు, నీరు, నిప్పు.

నోటికి పోవునవి

నోటిలోనికి పోవు నేవస్తువును గ్యారేజిలో నుంచరాదు. వీనిలో మొదటిది మందు. పెక్కు మందుల చీటీలపై 25 లేక 30 డిగ్రీలకు మించని చోట నుంచవలెనని వ్రాయబడియుండును. వేడికి చెడిన మాత్ర రంగు మారకయే శక్తిని కోల్పోవచ్చును. మధుమేహ రోగులు వాడు ఇన్సులిన్ సీసాను మూత తెరువకముందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో నుంచవలెను. ఎండకు కాగిన షెడ్డులో నుంచిన ఇన్సులినును నమ్ముకొన్నవారు ప్రాణమునే పణముగా పెట్టినట్లగును. నీటిని శుద్ధిచేయు బ్లీచింగు పొడి సైతము వేడికిని, తేమకును తన సత్తువను వదలివేయును.

రెండవది ధాన్యము. తేమ తగిలిన జొన్న, మొక్కజొన్న, వేరుసెనగలపై ఒకవిధమగు బూజు పెరిగి, అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. ఈ విషము వండినను పూర్తిగా పోదు, కాలేయమును దెబ్బతీయును. 1974 లో గుజరాతులోని పంచమహల్, రాజస్థానములోని బాంస్‌వాడా జిల్లాలలో అకాల వర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలను తిని నూరుమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని పరిశీలించి, కారణము ఈ విషమేయని తెలిపిరి. బూజు తుడిచి, ఎండబెట్టి, పారవేయుటకు మనసొప్పక వండుకొను అలవాటు మంచిది కాదు. బూజు పట్టిన గింజను పశువులకు కూడ పెట్టరాదు.

నీరు నిలుచునవి

డెంగీ జ్వరమును మోయు దోమ మురుగునీటిలోకంటె నిలువ యున్న మంచినీటిలో నెక్కువగా గ్రుడ్లు పెట్టును. పాత టైర్లు, ఖాళీ పూలకుండీలు, పెయింటు డబ్బాలు, వాడుక మానిన కూలర్లు దానికి పుట్టినిండ్లు. కూలరులోని నీటిని పారబోసిన మాత్రమున పని ముగియదు. తొట్టి అంచులకు అంటుకొన్న గ్రుడ్లు నెలల తరబడి ఎండియున్నను చావవు. మరల నీరు తగిలినప్పుడు పొదుగబడి, వారము పది దినములలో దోమలగును. కావున కూలరును దాచుటకు ముందు తొట్టి గోడలను గట్టి పీచుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, బోరగిల నుంచవలెను.

నిప్పు నంటుకొనునవి

పెట్రోలు, థిన్నరు, వంటగ్యాసు వీని ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలనంటి ప్రాకుచు, దూరమున నున్న నిప్పురవ్వను వెదకికొనిపోవును. మూసిన షెడ్డులోను, నేలమాళిగలోను నదియే ముప్పు. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డుపై నున్న శివశక్తి బట్టల మార్కెట్టులో చెలరేగిన మంటలకు వందలాది అంగళ్లు ఆహుతియైనవి. బట్టలు, పరుపులు కుక్కిన చోట నిప్పు నెంత వేగముగా వ్యాపించునో తెలియుటకు వేరు నిదర్శన మక్కరలేదు. పరుపుల ప్రక్కన బండి బ్యాటరీని చార్జి చేయరాదు.

థిన్నరు, ఆసిడు, పురుగుమందులను నీళ్ల సీసాలలో పోసి దాచుట మిక్కిలి ప్రమాదకరము. దాహముతో నున్న బిడ్డ ఆ తేడాను ఎరుగడు. పొరపాటున త్రాగినచో వాంతి చేయింపరాదు. సీసాతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

పసిబిడ్డల దుప్పట్లు

కలరా ఉండలు వేసి దాచిన దుప్పటిని తీసి వెంటనే శిశువుకు కప్పుట యనేక గృహములలో వాడుక. కొందరు శిశువులకు పుట్టుకతోనే రక్తకణములను కాపాడు ఒక పదార్థము తక్కువగా నుండును. అట్టివారికి ఆ ఉండల ఘాటు సోకినచో ఎర్రకణములు చితికి, కామెర్లు తీవ్రమగును. శిశువుల వస్త్రములలో కలరా ఉండలు వేయకుండుటయే మేలు. పొరపాటున వేసినచో ఉతికి, దినమంతయు ఎండలో వేసిన పిమ్మట, వాసన పూర్తిగా పోయినగాని వాడరాదు.

ఎలుక

పై చెప్పిన వస్తువులలో సగము ఎలుకకు తిండి. తక్కిన సగము దానికి గూడు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పొడసూపగా, లక్షలాది జనులు కొలదిదినములలోనే నగరమును విడిచి పోయిరి. ఆ దెబ్బతో మేలుకొనిన నగరము తన వీధులను తానే కడుగుకొని, 2023 వ సంవత్సరపు జాతీయ స్వచ్ఛతా సర్వేక్షణములో ఇందోరుతోపాటు ప్రథమ స్థానమును పొందినది. ఇది గర్వింపదగిన విషయము. అయినను వీధి ఊడ్చు పనివారు తాళము వేసిన తలుపును దాటి రాలేరు. ఆ తలుపు వెనుకనున్న ఎలుకను తరుమవలసినది ఇంటివారే.

దక్షిణ గుజరాతులో వానకాలమున లెప్టోస్పైరోసిస్ అను జ్వరము కనబడుచుండును. ఎలుక మూత్రముతో కలుషితమైన నీరు, బురద కాలి పగుళ్ల ద్వారా శరీరములోనికి దీని క్రిములను చేర్చును. షెడ్డు శుభ్రము చేసిన కొలది దినములకు జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎరుపు కనబడినచో వైద్యునకు ఆ సంగతి తప్పక చెప్పవలెను. తొలిదినములలో చికిత్స లభించినచో ఇది సులభముగా నయమగును.

ఎట్లు సర్దవలెను?

మూసియుంచిన గదిని తెరచిన వెంటనే లోనికి పోరాదు. అరగంటసేపు గాలి యాడనీయవలెను. పొడి చీపురుతో దుమ్ము రేపరాదు. కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు ధరించి, ఎలుక పెంటికలున్న చోట లీటరు నీటికి 30 గ్రాముల చొప్పున బ్లీచింగు పొడి కలిపిన ద్రావణమును చల్లి, కొంతసేపటికి తడిగుడ్డతో తుడువవలెను.

పాత్రలు, ఇనుప పనిముట్లు, కుర్చీలు మొదలగు వానిని మాత్రమే అచట నుంచవలెను. అట్టపెట్టెలకు మారుగా మూతగల రేకుడబ్బాలు మేలు. వానిని గోడకు జానెడు దూరముగా, నేలకు ఎత్తుగా బల్లపై నుంచవలెను. 2006 ఆగస్టులో తాపీనది పొంగి సూరత్ నగరము అధిక భాగము మునిగినప్పుడు క్రింది యంతస్తులలోని సామాను నీటిపాలైనది. కావున చదువు సర్టిఫికెట్లు, భూమి కాగితములు, జరీ చీరలు మేడపైననే యుండవలెను. వరదనీరు తాకిన తిండిని, మందులను నిస్సంకోచముగా పారవేయవలెను.

ప్రయాణమునకు ముందొకసారి, తొలకరికి ముందొకసారి గది తెరచి ప్రతి వస్తువును చేతబట్టి చూడుడు. ఇది నోటికి పోవునా? దీనిలో నీరు నిలుచునా? దీనికి నిప్పు అంటుకొనునా? ఈ మూడింటికిని కాదను జవాబు వచ్చిన వస్తువే గ్యారేజికి తగినది. తక్కినవి ఇంటిలోనికైన రావలెను, ఇల్లు విడిచియైన పోవలెను.