ఐదు టన్నుల ఫ్లాసీ ఇల్లు మారిన కథ

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మన కుటుంబాలకి ఒకరు చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు పోగుచేయడం, గాజుసామాను పాత పేపర్లలో చుట్టడం, ఏ పెట్టెలో ఏముందో స్కెచ్‌పెన్నుతో రాయడం, ఇంత చేసినా కొత్త ఊళ్లో కుక్కరు గాస్కెట్టు నెలరోజుల దాకా దొరక్కపోవడం. మా ఇంట్లో ఇది ఇప్పటికి ఆరుసార్లయింది. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక ట్రాన్స్‌ఫర్ సంగతే. కాకపోతే ఊరు మారింది ఉద్యోగి కాదు, ఒక కంప్యూటరు. బరువు సుమారు ఐదు టన్నులు. ముద్దుపేరు ఫ్లాసీ.

అసలు పేరు ఐ.సి.టి. 1301. ఐ.సి.టి. అంటే ఇంటర్నేషనల్ కంప్యూటర్స్ అండ్ టాబ్యులేటర్స్ అనే బ్రిటిష్ కంపెనీ. పంచ్‌కార్డుల యంత్రాలు చేసే రెండు పాత కంపెనీలు 1959లో కలిసిపోయి ఇది ఏర్పడింది. ఆ రెండింటిలో ఒకటైన బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీకి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. కలకత్తాలో మహలనోబిస్‌గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి 1950ల మధ్యలో వచ్చిన మన దేశపు మొదటి డిజిటల్ కంప్యూటరు, హెచ్.ఇ.సి.-2ఎం, ఆ కంపెనీ తయారుచేసిందే. ఆ లెక్కన ఫ్లాసీ మన కలకత్తా యంత్రానికి చెల్లెలి వరస.

ఫ్లాసీ 1962లో లండన్ విశ్వవిద్యాలయం వారి సెనేట్ హౌస్‌లో డ్యూటీలో చేరింది. విశ్వవిద్యాలయం జమాఖర్చులు, స్కూలు పిల్లలు రాసే జి.సి.ఇ. పరీక్షల ఫలితాలు దాని పని. ఆ రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ అంటే బీరువాల వరస. ఒక బీరువాలో లెక్కలు చేసే భాగం, ఇంకోదాంట్లో జ్ఞాపకశక్తి, పక్కన కార్డులు చదివే యంత్రం, ప్రింటరు, మధ్యలో ఆపరేటరు కూర్చునే కన్సోలు. వీటన్నిటినీ కలుపుతూ చేయి మందాన కేబుళ్లు.

మన బ్యాంకువాళ్లకి నచ్చే విషయం ఒకటి ఇందులో ఉంది. అప్పటి బ్రిటిష్ డబ్బు పౌన్లు, షిల్లింగులు, పెన్నీలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. మన తాతల కాలంలో పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి అని కూడినట్టే. 1 పౌను 17 షిల్లింగుల 9 పెన్నీలకి 2 పౌన్ల 5 షిల్లింగుల 6 పెన్నీలు కలపండి. 9కి 6 కలిస్తే 15, అంటే ఒక షిల్లింగు మూడు పెన్నీలు. ఆ ఒకటి చేతిలో పెట్టుకుని 17, 5, 1 కూడితే 23, అంటే ఒక పౌను మూడు షిల్లింగులు. మొత్తం 4 పౌన్లు, 3 షిల్లింగులు, 3 పెన్నీలు. ఒక గడిలో పన్నెండు దగ్గర, పక్క గడిలో ఇరవై దగ్గర, ఆ పక్కన పది దగ్గర చేతిలోకి తీసుకోవాలి. మామూలు కంప్యూటరుకి ఇది ప్రోగ్రాము రాసి నేర్పాలి. 1301కి మాత్రం ఆ తెలివి సర్క్యూట్లలోనే పెట్టి పుట్టించారు. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలకి మారింది. మనం 1957లోనే మారాం. ఆ రోజుతో ఫ్లాసీకి ఉన్న ప్రత్యేక విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. వేగంగా అణాల వడ్డీలు కట్టే పాత గుమస్తాగారికి కాలిక్యులేటరు వచ్చినప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోండి.

విశ్వవిద్యాలయం వద్దనుకున్నప్పుడు దాన్ని కొన్నది కొందరు విద్యార్థులు. ధర 200 పౌన్లు. దానితో బయటివాళ్లకి అకౌంట్లు కట్టిపెట్టే వ్యాపారం నడిపారు. ఆ తర్వాత అది కెంట్ కౌంటీలో ఒక పొలం మీది కొట్టంలోకి చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. ఇదే మోడల్ ప్యానెళ్లు 1974లో వచ్చిన 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' అనే జేమ్స్ బాండ్ సినిమాలో విలన్ స్థావరపు అలంకరణకి పనికొచ్చాయి. అంటే అప్పటికే దాని గౌరవం దీపాలు మిణుకుమనే బొమ్మ స్థాయికి దిగిందన్నమాట.

తర్వాత బ్రిటన్‌లోని కంప్యూటర్ కన్సర్వేషన్ సొసైటీ స్వచ్ఛంద సేవకులు ఆ కొట్టంలోనే దాన్ని బాగుచేయడం మొదలుపెట్టి, నడిచే స్థితికి తెచ్చారు. అంతా బాగుందనుకుంటుండగా ఆ చోటు ఖాళీ చేయాల్సివచ్చింది. ఐదు టన్నుల యంత్రానికి అద్దె ఇల్లు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వకపోతే దారి తుక్కు దుకాణానికే. చివరికి 2013లో బ్లెచ్లీ పార్కులో ఉన్న నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ దాన్ని తన గోడౌనులోకి తీసుకుంది.

ఇలాంటి యంత్రాన్ని కదిలించడం ఎందుకంత కష్టమో చూద్దాం. బరువు అసలు సమస్య కాదు. క్రేను, ఫోర్క్‌లిఫ్టు, ఇనప చక్రాల బల్ల ఉంటే బరువు కదులుతుంది. చిక్కంతా కేబుళ్లతో. ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకి వందల తీగలు వెళ్తాయి. విప్పేముందు ప్రతి తీగకి రెండు కొసలా చీటీ కట్టాలి, ఫొటో తీయాలి, పుస్తకంలో రాసుకోవాలి. ఒక కొసకి కట్టి రెండో కొస వదిలేస్తే, ఓచరు ఉండి ఎంట్రీ లేనట్టే. ఫ్లాసీలో సర్క్యూట్ బోర్డులే నాలుగు వేలకి పైగా ఉన్నాయి. రోడ్డు మీద లారీ కుదుపులకి వాటిలో కొన్నయినా తమ గాడుల్లోంచి కొద్దిగా కదులుతాయి. వెంట్రుకవాసి కదిలినా చాలు, కొత్తచోట అది ఒకసారి సరిగ్గా కూడుతుంది, ఇంకోసారి తప్పు కూడుతుంది. పూర్తిగా చచ్చిపోయిన బోర్డుని పట్టుకోవడం సులువు. అప్పుడప్పుడు మొరాయించేదే ప్రాణం తీస్తుంది. బ్యాలెన్సు షీటులో ఇరవై రూపాయల తేడా కోసం రాత్రి పదింటిదాకా కూర్చున్నవాళ్లకి నేను వివరించక్కర్లేదు.

జ్ఞాపకశక్తి భాగం ఇంకా సున్నితం. ఆవగింజలంత చిన్న అయస్కాంతపు ఉంగరాలు, వాటిలోంచి దూర్చిన సన్నని తీగలు. ఒక్కో ఉంగరం ఒక్క బిట్టుని గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లాసీలో 48 బిట్ల మాటలు 2,000 ఉన్నాయి కాబట్టి, ఉంగరాలు తక్కువలో తక్కువ 96,000. పూసలు గుచ్చినట్టు గుచ్చిన ఈ అల్లికలో ఒక్క తీగ తెగినా బాగుచేసేవాళ్లు ఇప్పుడు అరుదు.

కొత్తచోటికి చేరాక మొదటి నియమం, స్విచ్చి వేయకపోవడం. ఇంట్లో చాలాకాలం వాడని మిక్సీకైతే ప్లగ్గు పెట్టి చూస్తాం. ఇక్కడ అలా చేస్తే పొగ వస్తుంది. పవర్ సప్లైల్లో ఉండే కెపాసిటర్లు ఏళ్లపాటు కరెంటు తగలకపోతే లోపల పొర పాడై షార్టవుతాయి. అందుకని ఒక్కోదాన్ని విడదీసి, కొద్దికొద్దిగా వోల్టేజి పెంచుతూ గంటల తరబడి మేల్కొల్పాలి. జబ్బుపడి లేచిన మనిషికి ముందు గంజి, తర్వాత మజ్జిగన్నం పెట్టినట్టు. పోయినవి తీసి కొత్తవి వేయాలి. ఆ తర్వాతే బోర్డులకి కరెంటు. ఇవన్నీ అయ్యాక మూడు ఫేజుల కనెక్షను కావాలి, చల్లగాలి కావాలి, నేల ఆ బరువు మోయాలి.

వీటన్నిటికన్నా ముందు కావలసింది దాన్ని ఎరిగిన మనుషులు. సర్క్యూట్ డ్రాయింగులు, ప్రోగ్రాముల కార్డులు, టేపులు, విడిభాగాలు యంత్రంతోపాటు మిగలడం ఫ్లాసీ అదృష్టం. యంత్రం దొరికి కాగితాలు దొరకనిచోట అది ఇనప బీరువానే. కాగితాలూ ఉండి, 'ఆ శబ్దం వస్తే ఫలానా మోటారు బెల్టు చూడు' అనే పెద్దాయన లేకపోతే పని పదింతలు. ఇలాంటి బృందాల్లో ఎక్కువమంది రిటైరైన ఇంజనీర్లు ఉంటారు. వాళ్ల వయసే ఈ పనికి పెట్టిన గడువు.

అదే మ్యూజియంలో హార్వెల్ డెకాట్రాన్ అనే ఇంకా పాత యంత్రం ఉంది. బరువు రెండున్నర టన్నులు. రెండు సంఖ్యల్ని గుణించడానికి ఐదు నుంచి పది సెకన్లు పట్టేది, కానీ తప్పు చేయదని పేరు. బర్మింగ్‌హామ్ మ్యూజియం గోడౌనులో విడిభాగాలుగా పడి ఉండగా, ఒక ఫొటోలో దాని కంట్రోల్ ప్యానెల్ కనిపించి ఒకాయన గుర్తుపట్టాడు. 2009లో బ్లెచ్లీకి తెచ్చారు, 2012 నవంబరులో మళ్లీ నడిపించారు. ఒక్క ఫొటో దాన్ని కాపాడింది.

ఇక మన సంగతి. 1983లో యూనియన్లతో యాంత్రీకరణ ఒప్పందం, 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక మన బ్రాంచీల్లోకి అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు, అంటే ఏ.ఎల్.పి.ఎం.లు వచ్చాయి. అంతకుముందే, 1969లో, హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-12 అనే కంప్యూటరుని స్వయంగా తయారుచేసింది. ఇవి ఇప్పుడు ఎన్ని చోట్ల కనిపిస్తాయి?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్రాంచి స్టేషనరీ గదిలో ఏ.ఎల్.పి.ఎం. ఒకటి ప్లాస్టిక్ కవరు కింద ఉండేది. రిజిస్టరులో దాని విలువ ఒక్క రూపాయి. విరిగిన కుర్చీలు, పాత ఫ్యాన్లతో కలిపి దాన్ని తూకానికి ఇచ్చేశాం. కొటేషన్ల మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నిబంధన ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది. దానితోపాటు రెండు మాన్యువళ్లూ వెళ్లాయి. వాటి మార్జిన్లలో ఎవరో గుమస్తాగారు ఎర్రసిరాతో తెలుగులో రాసుకున్న గుర్తులుండేవి. ఏ కీ నొక్కితే ఏమవుతుందో, ఏ కీ అసలు నొక్కకూడదో.

ఆ యంత్రాల మీద పనిచేసిన పెద్దలు మన పెన్షనర్లలో చాలామంది ఉన్నారు. మీ నాన్నగారి బీరువాలోనో, అత్తగారింటి అటక మీదో ఏ.ఎల్.పి.ఎం. మాన్యువలు గానీ, ఫ్లాపీల డబ్బా గానీ, బ్రాంచిలో మొదటి మెషీను దించిన రోజు గ్రూపు ఫొటో గానీ ఉంటే, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పక్కన పెట్టండి. ఫొటో వెనక ఊరు, సంవత్సరం, నిలుచున్నవాళ్ల పేర్లు పెన్సిలుతో రాయించండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి ఊరుతుంది.